నీలిరంగు చెప్పిన కబురు

చెరువులో గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతున్నప్పుడు రసాయన శాస్త్రజ్ఞుడు ముందుగా అనుమానించే పదార్థాలలో ఫాస్ఫేటు ఒకటి. పొలంలో చల్లిన ఎరువు, సబ్బుపొడి, మురుగునీరు - వీటి వెంట భాస్వరం చెరువు చేరుతుంది. కాని నీటిలో కరిగిన ఫాస్ఫేటుకు రంగు లేదు. దానిచేత రంగు పుట్టించవలె. ఆ నీటికి గంధకికామ్లం, అమ్మోనియం మాలిబ్డేటు చేర్చి, ఆపైన తగిన క్షయకరణిని కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన.

ఈ నీలిరంగు పరీక్షను నెత్తురుకు, మూత్రానికి నమ్మకంగా పనికివచ్చేటట్లు 1925లో తీర్చిదిద్దినవారు హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్లినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురి అయినారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. పొందూరు పాఠకులకు ఈ సంగతి చెప్పకుండా ఎలా ఉండగలం?

ఆయన అమెరికా చేరారు. పరీక్ష సిద్ధమైన తరువాత దానిని తాజా కండరం నుంచి తీసిన రసం మీద ప్రయోగించారు. అక్కడొక వింత కనిపించింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా చిక్కబడింది. మరొకరైతే రసాయనం చెడిపోయిందని పారబోసి ఉండేవారేమో! వీరు ఆ ఆలస్యానికే కారణం వెదికారు. కండరంలోని ఫాస్ఫేటులో చాలా భాగం విడిగా లేదు, క్రియాటిన్ అనే పదార్థంతో ముడిపడి ఉన్నది. పరీక్షలోని ఆమ్లం తగిలి ఆ ముడి కొద్దికొద్దిగా విడిపోతున్నది. విడినంత మేరకే రంగు వస్తున్నది. కండరం పనిచేసినప్పుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ కూడుతుంది. వీరు దీనిని 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే సంవత్సరం దీనిని పసికట్టారు. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనన్న అప్పటి నమ్మకం దీనితో సడలింది. 1930లో లుండ్స్‌గార్డ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని చూపాడు.

1929లో ఫిస్కే, సుబ్బారావులు ఎ.టి.పి.ని కూడా కండరం నుంచి వేరుచేశారు. జర్మనీలో లోమన్ విడిగా ఇదే పని సాధించాడు. జీవకణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఇదే. డి.ఎన్.ఎ. దారంలోనూ ఫాస్ఫేటే లంకె. అందుచేతనే 1952లో హెర్షీ, చేజ్‌లు రేడియోధార్మిక భాస్వరంతో దాని జాడ తీయగలిగారు.

తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల నుంచి బోదకాలు వ్యాధికి డై ఇథైల్ కార్బమజైన్ వచ్చింది. కోస్తా జిల్లాలలో ఆ మాత్ర మింగినవారు ఎందరో! ఆయన 1948లో మరణించారు.

పాఠశాలలో చెరువునీటిని పరీక్షించే ఉపాధ్యాయులకు ఒక సూచన. గాజుసామగ్రిని సబ్బుపొడితో తోమరాదు. ఆ పొడిలో ఫాస్ఫేటు ఉంటే శుద్ధమైన నీరు కూడా నీలమవుతుంది. విలీన ఆమ్లంతో కడిగి, స్వేదనజలంతో తొలచవలె.