మాగిన హవానా చుట్ట

క్యూబా సిగార్‌లో పొగాకు ఆకు తప్ప మరేమీ ఉండదు. కాగితం ఉండదు, ఫిల్టర్ ఉండదు, సువాసన కోసం చల్లే ద్రవ్యమూ ఉండదు. నోట్లో పెట్టుకునే కొసన టోపీలా అంటించే చిన్న ఆకుముక్కకు మాత్రం రుచీ వాసనా లేని జిగురు చుక్క ఒకటి వాడతారు. అయినా మంచి హవానా సిగార్‌లో తేనె, కోకో, మిరియాలు, కాల్చిన కాఫీగింజ, కొత్త తోలు, తొలకరి మట్టి తగులుతాయని తెలిసినవారు చెబుతారు. ఇవి ఊరికే చెప్పే మాటలు కావు. ఆ రుచుల్లో చాలావాటికి ఆకులోనే పుట్టిన రసాయనాల ఆధారం ఉంది. వాటిని పుట్టించేవి నేల, ఆరబెట్టే పద్ధతి. తేటగా బయటికి తెచ్చేది కాలం.

1492 నవంబరులో కొలంబస్ పంపిన ఇద్దరు మనుషులు, రోద్రిగో దె హెరెస్, లూయిస్ దె తోరెస్, క్యూబా లోపలికి వెళ్లి అక్కడి తైనో ప్రజలు చుట్టిన ఆకుకు నిప్పంటించి పొగ పీల్చడం చూశారు. ఆ చుట్టిన ఆకుల కట్టను తైనోలు పిలిచిన పేరే తర్వాత 1966లో మొదలైన కోహిబా అనే సిగార్‌కు పెట్టారు. నేడు క్యూబా సిగార్లలో అన్నిటికన్నా పేరున్నది అదే.

హవానా అన్నది సిగార్‌ను చుట్టే ఊరి పేరు. ఆకు పండేది అక్కడ కాదు. ద్వీపానికి పశ్చిమాన ఉన్న పినార్ దెల్ రియో రాష్ట్రంలో వువెల్తా అబాహో అనే ప్రాంతం ఉంది. అందులో సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెస్ పట్టణాల చుట్టూ ఉన్న ఎర్రటి ఇసుక నేలలు ఈ పంటకు పెట్టింది పేరు. మొక్కలు శీతకాలంలో పెరుగుతాయి, కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. ఒకే ఊళ్లో రెండు రకాల తోటలు కనిపిస్తాయి. లోపల నింపే ఆకు కోసం మొక్కను ఎండలోనే పెంచుతారు. పైన చుట్టే ఆకు కోసం పొలమంతటికీ పల్చటి గుడ్డ పందిరి వేస్తారు. నీడన పెరిగిన ఆకు ఎక్కువ వెలుతురు కోసం వెడల్పుగా, పల్చగా సాగుతుంది, పట్టులా మెత్తగా ఉంటుంది. సాన్ లూయిస్‌లో ఈ పైఆకు పండించడంలో అలెహాంద్రో రొబాయినా అనే రైతు ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, 1997లో ఒక సిగార్‌కు వేగాస్ రొబాయినా అని ఆయన ఇంటిపేరే పెట్టారు. క్యూబాలో సాధారణంగా ఒక రైతుకు దక్కే గౌరవం కాదది. ఆయన 2010లో కన్నుమూశాడు.

మొక్కలో ఆకు ఏ ఎత్తున ఉందన్నదాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది. అడుగు ఆకు వొలాదో. దానికి ఘాటు తక్కువ, చక్కగా మండుతుంది. నడిమి ఆకు సెకో. సువాసన ఎక్కువగా దానిదే. మొక్క పైభాగాన ఎండంతా తాగిన ఆకు లిహెరో దళసరిగా, నూనె పట్టి, ఘాటుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది. కొన్ని మొక్కలకు మాత్రమే చిట్టచివర వచ్చే రెండు చిన్న ఆకుల్ని మెదియో తియెంపో అంటారు. 2010లో వచ్చిన కోహిబా బెహికె సిగార్లలో ఈ అరుదైన ఆకును కలిపారు. ఒక్కో సిగార్ రుచి ఈ ఆకుల పాళ్లమీద నిలబడుతుంది. ఆ పాళ్లు ఎవరికి వారు తేలిగ్గా బయటపెట్టరు.

పొగాకు గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఒంగోలు, కందుకూరు పొలాల్లో చూసే వర్జీనియా పొగాకుకూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడిగాలితో కొద్ది రోజుల్లోనే ఎండబెడతారు. ఆకు పసుపు రంగులో ఆగిపోతుంది, అందులోని చక్కెర అలాగే మిగులుతుంది. సిగరెట్టుకు కావలసింది అదే. క్యూబాలో ఆకును కర్రలకు గుచ్చి, గాలి ఆడే చెక్క కొట్టాంలో సుమారు 50 రోజులు వేలాడదీస్తారు. కోసిన తర్వాత కూడా ఆకు కొంతకాలం బతికే ఉంటుంది. తనలోని పిండిపదార్థాన్ని, చక్కెరను తానే తినేస్తూ ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి గోధుమరంగుకు మారుతుంది. గోదావరి లంకల్లో చుట్టల కోసం పండించే లంక పొగాకు కూడా బ్యారన్ వేడి ఎరగనిదే. ఆ వరసన చూస్తే హవానా సిగార్ మన సిగరెట్టుకన్నా మన చుట్టకే దగ్గరి చుట్టం.

చక్కెర పోవడంతో పొగ స్వభావమే మారిపోతుంది. చక్కెర ఉన్న ఆకు పొగ ఆమ్లగుణంతో ఉంటుంది, దానిలోని నికోటిన్ ఒంటబట్టాలంటే ఊపిరితిత్తుల దాకా వెళ్లాలి. సిగార్ పొగ క్షారగుణంతో ఉంటుంది, నోటి లోపలి పొరగుండానే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. సిగార్ కాల్చేవారు పొగ మింగకుండా నోట్లోనే తిప్పి వదలడానికి కారణం ఇదే. రుచి అనే మాటకు ఇక్కడ అర్థం ఉండటానికీ ఇదే కారణం.

ఆరిన ఆకును తడిపి గుట్టలుగా పేర్చి మగ్గబెడతారు. మన రైతులు మండెలు అనేవి ఇలాంటివే. గుట్ట లోపల దానంతటదే వేడి పుడుతుంది. ఆ వేడిని రోజూ కొలుస్తూ, మితిమీరితే గుట్టను విప్పి, అటుదిటు ఇటుదటుగా మళ్లీ పేరుస్తారు. ఆకులోని మాంసకృత్తులు విరిగి అమ్మోనియా బయటికి పోతుంది. ఆ గదిలో కళ్లు మండేది అందుకే. చేదు, వగరు, పచ్చివాసన చాలావరకు ఇక్కడే వదిలిపోతాయి. ఘాటైన ఆకుకు ఎక్కువ కాలం కావాలి. కోహిబాలో వాడే సెకో, లిహెరో ఆకుల్ని మామూలు రెండుసార్లకు తోడు పీపాల్లో మూడోసారి కూడా మగ్గబెడతారు. తర్వాత రాయల్ పామ్ అనే తాటిజాతి చెట్టు మట్టలతో బేళ్లు కట్టి గోదాముల్లో ఉంచుతారు. వొలాదోకు తొమ్మిది నెలలు చాలు, లిహెరోకు కనీసం రెండేళ్లు పడుతుంది.

చుట్టే పని హవానా ఫ్యాక్టరీల్లో జరుగుతుంది. అర్ధచంద్రాకారపు కత్తి, ఒక చెక్కపలక, చేతులు, ఇవే పనిముట్లు. ఆకుల్ని పొడవునా మడిచి, మధ్యలో గాలి పోయే దారి వదిలి చుట్టాలి. బిగిస్తే పొగ రాదు, వదులైతే వేడెక్కి చేదుగా కాలుతుంది. 1865 నుంచి ఈ ఫ్యాక్టరీల్లో ఒక గొప్ప ఆచారం ఉంది. పనివాళ్లు చుడుతూ ఉంటే ఒకరు ఎత్తైన పీటమీద కూర్చుని వార్తాపత్రికలు, నవలలు చదివి వినిపిస్తారు. మోంతెక్రిస్తో సిగార్‌కు ఆ పేరు అలెగ్జాండర్ డ్యూమా నవల నుంచి వచ్చింది.

చుట్టిన కొత్తలో సిగార్ తడిగా, బాగానే ఉంటుంది. కొన్ని వారాలకు అది ఒక చెడ్డ దశలోకి జారుతుంది. లోపల మళ్లీ కొద్దిగా మగ్గడం మొదలై అమ్మోనియా వాసన వేస్తుంది. నెలలు గడిస్తే అది పోతుంది. అసలు మాగడం ఆ తర్వాతే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వయసు సిగార్‌కు కొత్త రుచుల్ని పెద్దగా తెచ్చిపెట్టదు, ఉన్నవాటిని కప్పేసే కరుకుదనాన్ని తీసేస్తుంది. పాత బియ్యానికి అన్నం పొడిపొడిగా వచ్చినట్టే, అయిదారేళ్లు మాగిన సిగార్‌లో మిరియపు ఘాటు తగ్గి, వగరు అణగి, విడివిడి రుచులు తేటగా బయటపడతాయి. కొత్తదానిలో అన్నీ ఒక్కసారి మీదపడతాయి. మాగినదానిలో ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

అయితే మాగగల సత్తా మొదటే ఉండాలి. బొలీవార్, పార్తగాస్ లాంటి ఘాటైనవి పదేళ్లు, ఇరవయ్యేళ్లు మాగినా నిలబడతాయి. ఓయో దె మోంతెర్రెయ్ లాంటి మృదువైనవాటిని అంతకాలం ఉంచితే నూనెలు ఆరిపోయి కాగితంలా మిగులుతాయి. పాతదైనంత మాత్రాన గొప్పదన్న నమ్మకం డబ్బున్నవారిని చాలాసార్లు మోసం చేసింది. పెట్టె అడుగున ఫ్యాక్టరీ గుర్తు, పెట్టెలో పెట్టిన నెల, ఏడాది ముద్రించి ఉంటాయి కాబట్టి వయసు లెక్కగట్టడం తేలిక. పైన రెసెర్వా అని ఉంటే చుట్టకముందే ఆకును మూడేళ్లు, గ్రాన్ రెసెర్వా అని ఉంటే అయిదేళ్లు మాగించారని అర్థం. 1962 ఫిబ్రవరిలో అమెరికా విధించిన ఆంక్షలకు ముందు ఆ దేశం చేరిన సిగార్లు వేరే జాతి, వాటిని నేటికీ పురాతన వస్తువుల్లా కొంటారు. ఆ ఆదేశంపై సంతకానికి ముందురోజు అధ్యక్షుడు కెనెడీ తన పత్రికా కార్యదర్శి పియర్ సలింజర్‌తో 1,200 పెతి ఉప్‌మన్ సిగార్లు తెప్పించుకున్నాడని సలింజర్ స్వయంగా తర్వాతి రోజుల్లో చెప్పాడు.

మాగడానికి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. అందుకు వాడే పెట్టెలకు లోపల స్పానిష్ సెడార్ చెక్క వేస్తారు. పేరులో సెడార్ ఉన్నా అది దేవదారు కాదు, మన వేపచెట్టు కుటుంబానికి చెందినది. తేమను పీల్చుకుంటూ వదులుతూ సమంగా ఉంచుతుంది, తన కమ్మని వాసనను కూడా కొద్దిగా ఆకుకు పట్టిస్తుంది. వేడి పెరిగితే ఆకులో ఉన్న పురుగు గుడ్లు పొదుగుతాయి. పసుపు కొమ్ముల్నీ ఎండుమిర్చినీ తొలిచే ఆ చిన్న గోధుమరంగు పెంకు పురుగే సిగార్లనూ సూదితో పొడిచినట్టు తొలిచేస్తుంది. మన వేసవిలో అల్మారాలో పెట్టిన సిగార్ మాగదు, ఎండిపోతుంది, లేదంటే పురుగు పడుతుంది.

రుచి చూడటం నిప్పంటించక ముందే మొదలవుతుంది. ముందు పైఆకును వాసన చూస్తారు. మాగినదైతే ఎండుగడ్డి, కోకో, పాత చెక్కపెట్టె వాసన లేతగా తగులుతుంది. టోపీ అంచును మాత్రమే పదునుగా కోసి, వెలిగించకుండా ఒకసారి పీల్చి చూస్తారు. వెలిగించడానికి పెద్ద అగ్గిపుల్ల గానీ, సెడార్ చెక్క పేడు గానీ, వాసన లేని గ్యాస్ లైటర్ గానీ వాడతారు. పెట్రోలు, కొవ్వొత్తి మంటలు రుచిని పాడుచేస్తాయి. కొసను మంటలో ముంచకుండా, కాస్త పైన పట్టి తిప్పుతూ అంచంతా సమంగా అంటుకునేలా చూడాలి. ఆ తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము చాలు. తొందరపడితే నిప్పు వేడెక్కి, పదేళ్ల ఓపికంతా రెండు నిమిషాల్లో చేదైపోతుంది.

నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, కమ్మదనం లాంటి కొద్ది రుచులే. మిగతాదంతా ముక్కు పని. అందుకే అనుభవం ఉన్నవారు పొగను మింగకుండా, నోట్లోని కొంత పొగను వెనకనుంచి ముక్కుగుండా నెమ్మదిగా వదులుతారు. కొత్త సిగార్‌తో ఇలా చేస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బాగా మాగినదైతే ముక్కులో వేయించిన వేరుశనగ, తేనె, లేత మిరియం విడివిడిగా తెలుస్తాయి. వేరుశనగ, కాఫీ వాసనలు పైరజీన్‌లవి, గింజల్ని వేయించేటప్పుడు పుట్టేవి కూడా అవే. తేనె, పువ్వు వాసనల వెనక ఉన్నది కెరొటినాయిడ్‌లు. క్యారెట్‌కూ మామిడిపండుకూ రంగునిచ్చే ఈ పదార్థాలు పొగాకు ఆరేటప్పుడు విరిగి డమాసినోన్ లాంటి సువాసనలవుతాయి. గులాబీ నూనెలో ఉండే పరిమళాల్లో అదొకటి. ఆకు కోసేవారి చేతులకు నల్లగా అంటుకునే బంక కూడా కాలక్రమంలో విరిగి సువాసనలిస్తుంది. మిరియపు చురుకు మాత్రం రుచి కాదు, నికోటిన్ వల్ల నోట్లోని నరాలకు తెలిసే మంట.

కాల్చే కొద్దీ రుచి మారుతుంది. నిప్పు వెనకనున్న ఆకు వడపోతలా పనిచేస్తుంది, అది పొట్టి అయ్యేకొద్దీ నూనెలూ తారూ కొసలో పేరుకుంటాయి. ఫ్రెంచివారు దీన్ని మూడు మాటల్లో చెప్పారు: ఫువాఁ, దివాఁ, ప్యూరాఁ. ఎండుగడ్డి, దివ్యం, పేడనీళ్లు. మొదటి భాగం తేలిగ్గా, నడుమ నిండుగా, చివర ఘాటుగా, చేదుగా ఉంటుందని అర్థం. మాగిన సిగార్‌లో నడిమి భాగం ఎక్కువసేపు నిలుస్తుంది, వయసుకు పెట్టిన డబ్బు దక్కేది అక్కడే. చేదు మొదలవగానే దాన్ని నలపకుండా పళ్లెంలో వదిలేస్తారు, దానంతటదే ఆరిపోతుంది.

ఈ రుచికి శరీరం చెల్లించే మూల్యం గురించి అమ్మేవారు మాట్లాడరు. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్టు పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. పొగ మింగకపోయినా నోరు, స్వరపేటిక, అన్నవాహికలకు క్యాన్సర్ ముప్పు తప్పదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మహిళల అంగిళ్లలో వైద్యులు ఈ నష్టాన్ని దశాబ్దాలుగా చూస్తున్నారు. మాగడం వల్ల పోయేవి అమ్మోనియా, వగరు, కరుకుదనం. క్యాన్సర్ కలిగించే పదార్థాలు పదేళ్లు మాగిన సిగార్ పొగలోనూ ఉంటాయి.