గోడౌనులో ర్యాకులు ఎందుకు కూలుతాయి?

విశాఖపట్నం పక్కనే పెందుర్తి ఉంది. అరకు వెళ్లే రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది. హౌరా–చెన్నై రైలు మార్గం కూడా ఇటే పోతుంది. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. అప్పటి నుంచి ఓడల్లో సరుకు వస్తోంది, పోతోంది. ఆ సరుకు లారీ ఎక్కాలన్నా, దిగాలన్నా కళాసీలు ఉండాలి. దిగిన సరుకు దాచడానికి గోడౌన్లు ఉండాలి.

కళాసీ పొద్దున్నే పనికి పోతాడు. తలగుడ్డ చుట్టి బస్తా ఎత్తుతాడు. తన తల మీద ఉన్న బస్తా బరువు ఎంతో అతనికి తెలుసు. మరి తన తలకు పైన, ర్యాకు మీద ఉన్న బరువు ఎంతో తెలుసా?

ర్యాకు ఎలా నిలబడుతుంది?

ఇనుప ర్యాకుకు నిలువు కంబాలు ఉంటాయి. వాటికి అడ్డకమ్మీలు తగిలిస్తారు. కమ్మీ ఊడకుండా చిన్న పిన్ను పెడతారు. కంబం అడుగున ఇనుప పలక ఉంటుంది. దాన్ని బోల్టులతో నేలకు బిగిస్తారు.

పాకకు గుంజ ఎలాగో, ర్యాకుకు కంబం అలాగ. నిటారుగా ఉన్న గుంజ బరువు మోస్తుంది. వంగిన గుంజ మీద బరువు పెడితే ఇంకా వంగుతుంది. చివరికి కూలుతుంది.

ర్యాకు ఎందుకు కూలుతుంది?

ఫోర్కు లిఫ్టు బండి కంబానికి తగులుతుంది. కంబం కొంచెం వంగుతుంది. "ఏం కాదులే" అని అందరూ ఊరుకుంటారు. కాని రెండు మూడు రూపాయి బిళ్లల మందం వంగినా ప్రమాదమే. వెంటనే మేస్త్రీకి చెప్పాలి. ఆ ర్యాకు మీది సరుకు దింపించాలి. కంబం మార్చేదాకా సరుకు పెట్టకూడదు.

పిన్నులు, బోల్టులు ఊడిపోయినా ర్యాకు కూలుతుంది. బరువు మించినా కూలుతుంది.

ఒకటి పడితే పక్కది కూడా పడవచ్చు. 2020 అక్టోబరు 2న బ్రెజిల్ దేశంలో, సావో లూయిస్ నగరంలో అలాగే జరిగింది. ఒక పెద్ద దుకాణంలో ర్యాకులు ఒకదాని వెంట ఒకటి కూలాయి. అక్కడ పనిచేసే ఒక యువతి చనిపోయింది. 8 మంది గాయపడ్డారు.

బోర్డు చదవండి, లెక్క కట్టండి

ఒక్కో అర మీద ఎంత బరువు పెట్టవచ్చో బోర్డు మీద రాసి ఉండాలి. బోర్డు మీద "1000 కిలోలు" అని ఉందనుకోండి. సిమెంటు బస్తా 50 కిలోలు. 1000ని 50తో భాగిస్తే 20. అంటే 20 బస్తాలకు మించి పెట్టకూడదు.

యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. 22 బస్తాలైతే 990 కిలోలు. ఇంకొక్క బస్తా పెడితే 1035 కిలోలు! ఆ ఒక్క బస్తా పెట్టకూడదు. బస్తాల కింద చెక్క చట్రం ఉంటే దాని బరువు కూడా కలపాలి. అప్పుడు బస్తాలు తగ్గించాలి.

బరువు సరుకు కింది అరల్లో పెట్టాలి. తేలిక సరుకు పైన పెట్టాలి. బోర్డు లేకపోతే అడగాలి. అడగడం తప్పు కాదు.

బస్తాలు నెట్టు కట్టేటప్పుడు

చాలాచోట్ల ర్యాకులు ఉండవు. బస్తాలు నేల మీదే నెట్టు కడతారు. నెట్టు కూలినా ప్రాణం పోతుంది.

• అడుగున చెక్కలు పరవాలి. నేల చెమ్మ బస్తాకు తగలకూడదు.

• ఒక వరస నిలువుగా, పై వరస అడ్డంగా పేర్చాలి. అప్పుడు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి.

• బస్తా మూతి లోపలి వైపు ఉండాలి.

• ప్లాస్టిక్ సంచులు గోనె సంచుల కన్నా ఎక్కువ జారతాయి. వాటిని మరీ ఎత్తు కట్టకూడదు.

• పై నుంచి మెట్లు మెట్లుగా దింపాలి. మధ్యలోంచి బస్తా లాగకూడదు.

• తడిసిన బస్తాలు కుంగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖలో ఎన్నో రేకుల కప్పులు ఎగిరిపోయాయి. అలా వాన పడిన గోడౌనులోకి వెంటనే పోకూడదు. నెట్టు ఒరిగిందేమో ముందు దూరం నుంచి చూడాలి.

కూలితే ఏం చెయ్యాలి?

లోపలికి పరుగెత్తకండి. పైన మిగిలినవి కూడా పడవచ్చు. 101కి, 108కి ఫోను చెయ్యండి. పనిలోకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. ఎవరు లేరో అప్పుడు తెలుస్తుంది.

పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం పొందే హక్కు ఉంది. మన దేశంలో 1923లోనే దీనికి చట్టం వచ్చింది. కాని ఆ రోజు పనిలో ఉన్నట్టు రుజువు కావాలి. హాజరు పుస్తకంలో మీ పేరు రాశారా? చదివి చూడండి. తరువాతే సంతకం పెట్టండి.

పొద్దున్న పనికి పోయిన మనిషి సాయంత్రం ఇంటికి రావాలి. సరుకు పోతే మళ్లీ వస్తుంది. మనిషి పోతే రాడు.

ఆలోచించండి

1. మీరు పనిచేసే చోట బరువు బోర్డు ఉందా? దాని మీద ఏం రాసి ఉంది?

2. ఒక అరకు 600 కిలోలే పెట్టాలి. 50 కిలోల బస్తాలు ఎన్ని పెట్టవచ్చు?

3. కంబం వంగినట్టు చూస్తే మీరు ఎవరికి చెబుతారు?