స్టూడెంట్ వీసా మీద ఉన్న అబ్బాయి భార్యను తీసుకెళ్లగలడా? నికాహ్‌కు ముందే చూసుకోవాల్సిన లెక్క

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ ముస్లిం ఇళ్లలో విదేశం అంటే ఒకప్పుడు సౌదీ, దుబాయ్, కువైట్. ఇకామాలో ఏ పని రాసి ఉంది, జీతం ఎంత అన్నదాన్ని బట్టి ఫ్యామిలీ వీసా వచ్చేది. రాకపోతే భార్య ఇక్కడే, భర్త అక్కడే. ఈ సంగతి పెద్దవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు పిల్లలు చదువుల కోసం అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ వెళ్తున్నారు. రిష్తాలు కూడా అక్కడి నుంచే వస్తున్నాయి. "అబ్బాయి ఎమ్మెస్ చేస్తున్నాడు, నికాహ్ అయిన ఆరు నెలల్లో అమ్మాయిని తీసుకెళ్తాడు" అని మధ్యవర్తులు చెప్తే అమ్మాయి తరఫువాళ్లు నమ్ముతారు. తీరా చూస్తే ఆ దేశపు చట్టమే ఒప్పుకోదు. అమ్మాయి ఏళ్ల తరబడి పుట్టింట్లోనో అత్తగారింట్లోనో ఎదురుచూడాల్సి వస్తుంది. అందుకే తారీఖు ఖాయం చేసుకోకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఏ దేశం, ఏ కోర్సు, నికాహ్ ఎప్పుడు ఎలా జరుగుతుంది. అమ్మాయి చదువుతూ భర్తను తీసుకెళ్లాలన్నా ఇవే రూల్స్.

ఏ దేశంలో ఏముంది?

అమెరికా: ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి భార్యకు ఎఫ్-2 వీసా ఇస్తారు. యూనివర్సిటీ ఆమె పేరు మీద వేరుగా ఐ-20 ఇవ్వాలి. ఇద్దరి ఖర్చుకు సరిపడా డబ్బు చూపిస్తేనే అది వస్తుంది. వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. ఎఫ్-2 మీద వెళ్లిన వాళ్లు ఏ ఉద్యోగమూ చేయకూడదు. పార్ట్ టైమ్‌గా చదువుకోవచ్చు గానీ ఫుల్ టైమ్ డిగ్రీ చేయాలంటే వీసా మార్చుకోవాలి. బీటెక్, బీఎడ్ చేసి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి ఈ మాట ముందే చెప్పాలి.

బ్రిటన్: 2024 జనవరి 1 తర్వాత మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సుల విద్యార్థులు భార్యాపిల్లలను తీసుకెళ్లలేరు. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకే ప్రధానంగా ఆ వీలు ఉంది. చదువు అయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద కూడా, స్టూడెంట్ వీసా రోజుల్లోనే డిపెండెంట్‌గా ఉన్న భార్యకు తప్ప కొత్తగా ఎవరికీ ఇవ్వరు. అంటే అబ్బాయికి స్కిల్డ్ వర్కర్ వీసా వచ్చేదాకా ఆగాలి. అది కూడా అన్ని ఉద్యోగాలకూ వర్తించదు. 2024 మార్చి నుంచి కొత్తగా కేర్ వర్కర్ వీసా తీసుకునే వాళ్లకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు తీసేశారు.

కెనడా: భార్యకు ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తే ఆమె ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ 2025 జనవరి 21 నుంచి దీన్ని బాగా తగ్గించారు. విద్యార్థిది 16 నెలలు, అంతకుమించిన మాస్టర్స్ అయినా, పీహెచ్‌డీ అయినా, కొన్ని ఎంపిక చేసిన ప్రొఫెషనల్ కోర్సులు అయినా ఉండాలి. కాలేజీ డిప్లొమా మీద వెళ్లిన అబ్బాయి భార్యకు ఈ పర్మిట్ రాదు.

ఆస్ట్రేలియా: విద్యార్థి తన దరఖాస్తులోనే భార్య పేరు రాయాలి, ఆమె అప్పుడు వెంట వెళ్లకపోయినా సరే. పెళ్లయి ఉండి రాయకపోతే తర్వాత తెచ్చుకోవడం కష్టమవుతుంది. వీసా వచ్చాక పెళ్లి అయితే అప్పుడు వేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త మాస్టర్స్ మొదలుపెట్టాక భార్య పనికి గంటల పరిమితి ఉండదు. అంతకంటే చిన్న కోర్సు అయితే రెండు వారాలకు 48 గంటలే.

జర్మనీ: ఇక్కడ పెళ్లి తారీఖు చాలా ముఖ్యం. అబ్బాయికి రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చే నాటికే పెళ్లయి ఉండి, అతను ఇంకా ఏడాదికి పైగా అక్కడ ఉండేలా ఉంటే భార్య దారి సులువు. పర్మిట్ వచ్చాక పెళ్లయితే సాధారణంగా రెండేళ్లు ఆగాలి, లేదా అధికారుల విచక్షణ మీద ఆధారపడాలి. భార్య మామూలుగా ఏ1 స్థాయి జర్మన్ పరీక్ష పాస్ కావాలి. అక్కడికి వెళ్లాక ఉద్యోగం చేసుకోవచ్చు.

రుఖ్సతీ కాలేదని "అన్‌మ్యారీడ్" రాస్తే?

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. నికాహ్ చదివించి, రుఖ్సతీ తర్వాత పెట్టుకుంటారు. ఈ మధ్యలో అబ్బాయి వీసా ఫారం నింపుతాడు. "అమ్మాయి ఇంకా రాలేదు కదా" అని పెళ్లి కాలేదని టిక్ పెడతాడు. కన్సల్టెన్సీ వాళ్లలో కొందరు అలాగే పెట్టమని సలహా కూడా ఇస్తారు.

నికాహ్ అయిన రోజు నుంచే అది పెళ్లి. తర్వాత భార్య వీసాకు పెట్టినప్పుడు నికాహ్‌నామాలో తారీఖు బయటపడుతుంది. అప్పుడు భర్త పాత దరఖాస్తు అబద్ధం అవుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఐదేళ్లు నిషేధిస్తుంది. బ్రిటన్‌లో పదేళ్ల దాకా దరఖాస్తులు తిరస్కరించొచ్చు. అమెరికాలో అయితే జీవితాంతం తలుపులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. మంగ్నీ మాత్రమే అయితే పెళ్లి కానట్టే, నికాహ్ అయితే పెళ్లి అయినట్టే. ఫారంలో ఇంతకు మించి లెక్కలు వేయొద్దు.

వీడియో కాల్ నికాహ్

సెలవు దొరకలేదనో, టికెట్ ఖర్చు ఎక్కువనో కొందరు ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో నికాహ్ చేస్తున్నారు. షరియత్ ప్రకారం చెల్లుతుందా లేదా అన్నది ఉలమాను అడగాల్సిన విషయం. వీసా విషయంలో మాత్రం ఇబ్బంది ఖాయం. వధూవరులు స్వయంగా హాజరు కాని పెళ్లిని కెనడా 2015 జూన్ నుంచి ఇమిగ్రేషన్ కోసం గుర్తించడం లేదు. అమెరికా చట్టం ప్రకారం ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లి, ఆ తర్వాత వాళ్లు కలిసి కాపురం చేస్తేనే లెక్కలోకి వస్తుంది. అబ్బాయి సెలవులో వచ్చేదాకా ఆగి ఇద్దరూ ఉన్నచోట నికాహ్ చేయడమే మేలు.

ఏ కాగితాలు పెట్టుకోవాలి?

కాజీ సాబ్ ఇచ్చే ఉర్దూ నికాహ్‌నామా ఒక్కటే సరిపోదు. ప్రభుత్వం నియమించిన కాజీతో నికాహ్ చదివించుకుంటే దాని రికార్డు వక్ఫ్ బోర్డుకు చేరుతుంది. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీషులో మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం ఏ మతం వాళ్లయినా పెళ్లిని రిజిస్టర్ చేయించాలి. ఆ సర్టిఫికెట్ కూడా చేతిలో ఉంటే మంచిది.

కొన్ని దేశాలు అపోస్టిల్ ముద్ర అడుగుతాయి. ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర వేయాలి. జర్మనీ మాత్రం మన అపోస్టిల్‌ను ఒప్పుకోదు, వాళ్ల మిషన్ సొంతంగా విచారణ జరిపించొచ్చు. దానికి నెలలు పట్టొచ్చు.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. టెన్త్ మెమోలో "ఎండీ", ఆధార్‌లో "మొహమ్మద్", పాస్‌పోర్టులో "మొహ్‌ద్" అని ఉంటాయి. "షేక్" స్పెల్లింగ్ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. నికాహ్ రోజు రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం మారకుండా రాయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి. లేదంటే అమెరికా వీసాలో మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది, అక్కడ ప్రతి ఆఫీసులో వివరణ ఇవ్వాల్సి ఉంటుంది.

డబ్బు ఎవరిది?

మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే విదేశీ విద్యా స్కాలర్‌షిప్ 20 లక్షల దాకా ఉంది, కానీ అది విద్యార్థి చదువుకే. భార్య ఖర్చు కుటుంబమే చూపించాలి. ఆస్ట్రేలియా 2024 మే నుంచి విద్యార్థికి ఏడాదికి 29,710 డాలర్లు, భార్యకు అదనంగా 10,394 డాలర్లు చూపించమంటోంది. ఫీజు, టికెట్లు వేరే.

ఈ భారాన్ని "జోడే కీ రఖమ్" పేరుతో అమ్మాయి తండ్రి మీద వేసే ఇళ్లూ ఉన్నాయి. పొలం అమ్మి అల్లుడి ఫీజు కట్టి, కూతురు వెంట వెళ్తుందని ఆశపడతారు. వీసానే లేని కోర్సు అయితే డబ్బూ పోతుంది, అమ్మాయీ ఇక్కడే ఉంటుంది. 1961 వరకట్న నిషేధ చట్టం ముస్లింలకూ వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

రిష్తా వచ్చినప్పుడు అబ్బాయి వాళ్లను వీసా కాపీ, కోర్సు పేరు, కోర్సు ఎన్ని నెలలు అన్నది చూపించమనండి. అడగడంలో తప్పు లేదు, చూపించడానికి మంచి ఇంటివాళ్లు వెనకాడరు. ఆ వివరాలతో ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డిపెండెంట్ రూల్స్ చూసుకోండి. రూల్స్ తరచుగా మారుతున్నాయి కాబట్టి పోయినేడాది ఎవరో వెళ్లారన్న మాట మీద ఆధారపడొద్దు. మెహర్ ఎంత అని అడిగినట్టే, వీసా ఏది అని కూడా నికాహ్‌కు ముందే అడగాలి.