పొడుగోడికి పాసు నేర్పండి

హయత్‌నగర్‌లో ఏ స్కూలు గ్రౌండుకు పోయినా ఒకటే ఆచారం. అందరికంటే పొడుగున్న పిల్లాణ్ణి బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబెట్టి "ఇక్కణ్ణుంచి కదలకు" అంటారు. పీఈటీగా పనిచేసినన్నాళ్లూ విన్నాను, రిటైరయ్యాకా వింటూనే ఉన్నాను. అట్లా అనే కోచ్‌లకు నేను చూపించేది ఒకే ఒక్కడి ఆట: లిథువేనియా వాడు అర్విదాస్ సబోనిస్. ఎత్తు 2.21 మీటర్లు, అంటే ఏడడుగుల మూడంగుళాలు. అంత పొడుగు మనిషి పేరు తెచ్చుకున్నది పాసులతో.

సబోనిస్ 1964లో కౌనస్ పట్నంలో పుట్టాడు. లిథువేనియా అప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉంది. ఈనాటికీ ఆ దేశ జనాభా మన హైదరాబాద్‌లో సగానికి తక్కువే. అయినా బాస్కెట్‌బాల్ అంటే పడి చస్తారు. సోవియట్లు దేశాన్ని కలిపేసుకోకముందే, 1937లోనూ 1939లోనూ యూరప్ చాంపియన్లు వాళ్లే. సబోనిస్ 1981లో సొంత ఊరి జట్టు జాల్గిరిస్‌లో చేరాడు. 1985 నుంచి 1987 దాకా వరసగా మూడేళ్లు ఆ జట్టు సోవియట్ లీగ్ గెలిచింది. అవతల ఉన్నది మాస్కో సైన్యం వాళ్ల జట్టు సీఎస్‌కేఏ. ఆ గెలుపులకు కౌనస్ వీధుల్లో ఎంత సంబరం జరిగి ఉంటుందో వేరే చెప్పాలా?

అమెరికా వాళ్ల కన్ను అప్పటికే పడింది. 1986లో అక్కడి లీగ్ ఎన్‌బీఏలోని పోర్ట్‌లాండ్ జట్టు అతణ్ణి డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, ఎంచుకుంది. సోవియట్ సర్కారు పోనివ్వలేదు. ఆపైన మడమ వెనకాల ఉండే అకిలిస్ స్నాయువు తెగింది. మళ్లీ ఇంకోసారి తెగింది. ఎగిరేవాడికి అది తెగితే ఆట సగం పోయినట్టే. 1988లో పోర్ట్‌లాండ్ డాక్టర్లే వైద్యం చేశారు. కొన్ని నెలలకే సియోల్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అతడున్న సోవియట్ జట్టు అమెరికాను 82-76తో ఓడించింది. వైద్యం చేసి పంపినందుకు అమెరికా వాళ్లకు దక్కిన బహుమానం ఇది! ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం కూడా సోవియట్లకే వచ్చింది. ఆ జట్టుకు ఆయువుపట్టు సబోనిస్, మార్చులియోనిస్, కుర్తినైటిస్, హోమిచ్యుస్. నలుగురూ లిథువేనియా వాళ్లే.

1989లో స్పెయిన్ వెళ్లి వయ్యదోలిద్‌కు, తర్వాత రియల్ మాడ్రిడ్‌కు ఆడాడు. 1995లో యూరప్ క్లబ్ చాంపియన్‌షిప్ గెలిచిన మాడ్రిడ్ జట్టులో పెద్ద దిక్కు అతడే. ఈలోగా దేశం స్వతంత్రమైంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిథువేనియా సొంత జెండాతో ఆడి, సెమీఫైనల్లో అమెరికా డ్రీమ్ టీమ్ చేతిలో 127-76తో చిత్తయింది. కాంస్యం కోసం ఆడిన ఆటలో మాత్రం మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టును 82-78తో ఓడించింది. అవతలి వైపు ఉన్నది ఎవరో చూస్తే ఆ కంచు వాళ్లకు బంగారం కంటే ఎక్కువేనని నాకనిపిస్తుంది.

పోర్ట్‌లాండ్‌కు 1995లో, ముప్ఫై నిండాక వచ్చాడు. అతని ఎక్స్‌రేలు చూసిన డాక్టరు, ఈ కాళ్లకు వికలాంగుల పార్కింగ్ పాసు ఇవ్వొచ్చు అన్నాడని ఆ జట్టు మేనేజరు తర్వాత్తర్వాత చెప్పుకునేవాడు. ఆ కాళ్లతోనే తొలి సీజన్‌లో ఆటకు సగటున 14.5 పాయింట్లు, 8.1 రీబౌండ్లు.

ఎట్లా సాధ్యమైంది? అతడు రింగు కింద కాపలా కాయడు. ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చి, రింగుకు వీపు పెట్టి, బంతి రెండు చేతుల్తో పైకెత్తి నిలబడతాడు. అక్కణ్ణుంచి షూట్ చేయగలడు కాబట్టి ఎదుటి జట్టు పొడుగోడు కూడా అతని వెంట బయటికి రాక తప్పదు. రింగు కింద ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి మనవాడొకడు ఉరుకుతాడు. వాడు చేరేలోపు బంతి చేరి ఉంటుంది, ఒక్కోసారి వీపు వెనకనుంచి. ఫ్లైఓవర్లు లేనప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు లాగా తాను కదలడు, అందరినీ కదిలిస్తాడు. కుర్రతనంలో ఎగిరి రింగులో కుక్కేవాడు కూడా. ఆ ఎగురుడును గాయాలు తీసుకుపోయాయి గానీ చూపునూ చేతివాటాన్నీ తాకలేకపోయాయి.

మా గల్లీలో ఆర్టీసీ కండక్టరు కొడుకొకడున్నాడు, ఇంటరు, ఆరడుగుల పైమాటే. ఫోన్‌లో ఈ ఆట చూపిస్తే వాడన్నాడు: "సార్, నాకసలు బాల్ ఇయ్యనే ఇయ్యరు. రీబౌండ్ దొరికినా 'గార్డ్‌కిచ్చెయ్' అంటరు." వాణ్ణి రోజూ సాయంత్రం ఫ్రీ త్రో గీత మీద నిలబెట్టి, ఇద్దరు చిన్న పిల్లల్ని చెరో పక్కనుంచి ఉరికించమన్నాను. మొదట్లో సగం పాసులు గోడకే తగిలేవి. మణికట్టుతో వేయడం అలవాటయ్యాక గోడకు కొంచెం విశ్రాంతి దొరికింది.

సబోనిస్ 2003లో కౌనస్‌కు తిరిగొచ్చాడు. ఆ సీజన్ యూరోలీగ్ లీగ్ దశలో అత్యుత్తమ ఆటగాడు అతడే. సీజన్ మధ్యలో ముప్ఫై తొమ్మిదేళ్లు నిండాయి. 2005లో పూర్తిగా ఆట మానేశాడు. 2011లో అమెరికాలోని నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. కొడుకు డొమాంటస్ కూడా ఎన్‌బీఏలో సెంటరే. 2023-24 సీజన్‌లో అతనికి ఆటకు సగటున ఎనిమిదికి పైగా అసిస్టులు, అంటే బుట్టలో పడిన బంతికి ముందటి పాసులు, వచ్చాయి. చాలామంది గార్డులకు కూడా అన్ని రావు.