డిజిటల్ సైన్ అంటే ఏమిటి? ఎలా పెడతారు?

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కంప్యూటర్ ముట్టని పెద్దవాళ్లకు కూడా ‘డిజిటల్ సైన్’ అనే మాట బాగా తెలుసు. 2017 సెప్టెంబరులో తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. పేచీ లేని భూములను పార్ట్ ఎలో, తగాదాలున్నవాటిని పార్ట్ బిలో పెట్టారు. 2018 మే 10న రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు పథకం మొదలైనప్పుడు కొత్త పాస్‌బుక్కులూ, ఎకరానికి పంటకు 4 వేల రూపాయల చెక్కులూ పంచారు. తహసీల్దారు డిజిటల్ సంతకం పడిన ఖాతాకే ఆ రెండూ దక్కాయి. పడనివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎప్పుడు వెళ్లినా ‘ఇంకా సైన్ కాలే’ అనే జవాబే వచ్చేది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమి ఒక్క సంతకం దగ్గర ఎందుకు ఆగిందో వాళ్లకు విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. ఆ బాకీలో కొంతైనా తీర్చాలని ఈ నాలుగు మాటలు.

పెన్నుతో పెడితే సరిపోదా? సిరా సంతకానికి తన పైన ఏం రాసి ఉందో తెలియదు. తహసీల్దారు సంతకం చేసి వెళ్లాక ‘1 ఎకరం 12 గుంటలు’ అన్నదాన్ని ఎవరైనా ‘1 ఎకరం 21 గుంటలు’గా దిద్దితే, సంతకం మాత్రం అసలుదే. దొంగ పట్టాల తగాదాలు ఎన్నో ఇక్కడే పుట్టాయి. డిజిటల్ సంతకం రాతను, సంతకాన్ని విడదీయడానికి వీల్లేకుండా కట్టేస్తుంది.

ఎలా కడుతుంది? ముందుగా కంప్యూటర్ ఆ పత్రం మొత్తాన్ని లెక్కకట్టి ఒక పెద్ద సంఖ్య తీస్తుంది. దీన్ని హ్యాష్ అంటారు. ఇది ఆ పత్రానికి వేలిముద్ర లాంటిది. పత్రం ఒక్క పేజీ అయినా వెయ్యి పేజీలైనా ఈ సంఖ్య పొడవు ఒకటే. 12ను 21 చేసినా, ఒక చుక్క తీసేసినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. తర్వాత ఆ హ్యాష్‌ను తహసీల్దారు ప్రైవేట్ కీతో ముడివేస్తారు. ఈ కీ ఆయన దగ్గరి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. పిన్ కొడితేనే పనిచేస్తుంది, టోకెన్ దాటి బయటికి రాదు. దీనికి జోడీగా ఒక పబ్లిక్ కీ ఉంటుంది. అది అందరికీ దొరుకుతుంది. దానితో ఎవరైనా ఆ ముడి విప్పి, లోపలి హ్యాష్‌నూ చేతిలో ఉన్న పత్రం హ్యాష్‌నూ పోల్చుకోవచ్చు. రెండూ కలిస్తే పత్రం చెక్కుచెదరలేదు. కలవకపోతే సంతకం తర్వాత ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

పబ్లిక్ కీ అందరి దగ్గరా ఉంటే దాన్నిబట్టి ప్రైవేట్ కీ కనిపెట్టలేరా? 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు కనుగొన్న పద్ధతి బలం ఇక్కడే తెలుస్తుంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటర్‌కు చిటికెలో పని. ఆ లబ్ధాన్ని చూసి ఏ రెంటిని గుణించారో చెప్పడం మాత్రం అసాధ్యమంత కష్టం. వాడుకలో ఉన్న 2048 బిట్ల కీలో ఆ సంఖ్యకు 617 అంకెలుంటాయి.

అయితే ఆ కీ ఫలానా అధికారిదేనని పూచీ ఎవరిది? అందుకు లైసెన్సు పొందిన సర్టిఫికెట్ సంస్థలున్నాయి. వాటికి లైసెన్సు ఇచ్చి అదుపులో పెట్టేది కేంద్రంలోని సీసీఏ (కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్). హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అలా బ్యాంకుల కోసం సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థే. వీటన్నిటికీ ఆధారం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం.

మరి తెల్ల కాగితం మీద సంతకం చేసి, ఫొటో తీసి, పీడీఎఫ్‌లో అతికిస్తే? చాలామంది చేసేది ఇదే. చిన్నాచితకా పనులకు నడుస్తుంది. కానీ ఆ బొమ్మను ఎవరైనా కత్తిరించి ఇంకో కాగితం మీద పెట్టగలరు. రేపు గొడవైతే ‘అది నేను పెట్టింది కాదు’ అనే మనిషి చేత ఒప్పించడం కష్టం. డబ్బు, భూమి, అప్పు ఉన్న చోట బొమ్మ సంతకాన్ని నమ్ముకోవద్దు.

టోకెన్ లేని మామూలు మనిషికి దారి ఆధార్ ఈ-సైన్. ఇది 2015 నుంచి ఉంది. ఆధార్‌కు మీ ఫోన్ నంబర్ జతై ఉండాలి. ఈ-సైన్ సేవ ఇచ్చే చోట పత్రాన్ని ఎక్కించి, ఆధార్ నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది. ఓటీపీ ఇవ్వగానే ఆ ఒక్క సంతకం కోసమే కీల జత పుడుతుంది. సంతకం పడగానే ప్రైవేట్ కీని చెరిపేస్తారు. అంతా నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఇక్కడ ఓటీపీ అంటే మీ చేవ్రాలే. ‘నంబర్ వచ్చింది, చెప్పు పెద్దాయనా’ అని కౌంటర్ దగ్గర అడిగితే చెప్పేసేది కాదు. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతో వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అయితే శిక్ష పడేలోపు నష్టపోయేది మీరే.

ఇలా సంతకం పడిన పత్రాన్ని తెరిస్తే కొన్నిసార్లు పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనిపించి కంగారు పెడుతుంది. అది దొంగ పత్రమని దాని అర్థం కాదు. మన సీసీఏ మూల సర్టిఫికెట్‌ను ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా గుర్తించలేదంతే. కంప్యూటర్‌లో అడోబ్ రీడర్ తెరిచి, ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘వాలిడేట్ సిగ్నేచర్’ నొక్కాలి. వివరాల్లో చిట్టచివరి మూల సర్టిఫికెట్ ‘సీసీఏ ఇండియా’ అని ఉంటేనే దాన్ని నమ్మే జాబితాలో చేర్చాలి. అప్పుడు పచ్చ టిక్కు వస్తుంది. ఇంకో సంగతి: ఆ పత్రాన్ని ప్రింట్ తీశాక కాగితం మీద మిగిలేది సిరా మాత్రమే, సంతకం ఫైల్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి మీసేవ సర్టిఫికెట్ ప్రింట్ ఎవరైనా చూపిస్తే దాని మీది నంబర్‌ను ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టి చూడాలి.

అన్నిటికీ ఈ సంతకం చెల్లదు. వీలునామాను, ట్రస్టు పత్రాన్ని ఐటీ చట్టం తన పరిధి నుంచి తప్పించింది. పవర్ ఆఫ్ అటార్నీ కూడా, కొన్ని ఆర్థిక సంస్థలకు ఇచ్చేవి తప్ప, అంతే. పొలం అమ్మాలన్నా ఇంట్లో కూర్చొని ఈ-సైన్ చేస్తే సరిపోదు, తహసీల్దారు ముందుకు మనిషి వెళ్లాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎవరు సంతకం చేశారు, తర్వాత రాత మారిందా అన్న రెండు విషయాలే డిజిటల్ సంతకం చెబుతుంది. రాసింది నిజమా కాదా అన్నది దానికి పట్టదు. తప్పు సర్వే నంబర్ మీద పడ్డ సంతకం ఆ తప్పును అలాగే భద్రంగా కాపాడుతుంది. హద్దురాళ్లు ఎక్కడున్నాయో, ఆ ఊరు నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవోలోని 84 గ్రామాల్లో ఉందో లేదో కూడా అది చెప్పదు. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ స్థలం కొనడానికి వచ్చేవాళ్లు పచ్చ టిక్కు చూసి బయానా ఇచ్చేయకూడదు.

2025 ఏప్రిల్ 14 నుంచి భూరికార్డుల ధరణి పోర్టల్ స్థానంలో భూభారతి చట్టం, పోర్టల్ వచ్చాయి. పాస్‌బుక్కులో తప్పుంటే రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు అప్పీలు చేసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. పేరు, విస్తీర్ణం, సర్వే నంబర్, ఈ మూడూ ఈ రోజే ఒకసారి సరిచూసుకోండి. ఇంట్లో చదవలేని పెద్దలుంటే పిల్లల చేత పైకి చదివించుకుని విన్నాకే ఓటీపీ ఇవ్వమని చెప్పండి.