పొట్లం ఎక్కడికి వెళ్తోంది?

ఉద్దానం జీడితోటల సీమ. పలాస జీడిపప్పుకి ఎంతో పేరుంది. సంతబొమ్మాళి మండలం నౌపడలో ఉప్పు మళ్లు ఉన్నాయి. మునుపు సరుకు సంతకి పట్టుకెళ్లి అమ్మేవారు. లేదంటే షావుకారికి ఇచ్చేవారు. ఇప్పుడు సెల్‌ఫోను వచ్చింది. ఫోనులో సరుకు చూపించి, ఫోనులోనే డబ్బు తీసుకోవచ్చు. దీన్నే ఆన్‌లైన్ అమ్మకం అంటారు.

మరి ఈ అమ్మకానికి పన్ను ఉందా? ఉంది. అది ఎవరికి, ఎప్పుడు పడుతుందో తెలుసుకోవాలి.

జీఎస్టీ అంటే ఏమిటి?

మునుపు అమ్మకం పన్ను ఉండేది. మన రాష్ట్రంలో 2005లో వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. అమ్మేవారు ఈ పన్నును కొనేవారి దగ్గర తీసుకుంటారు. తీసుకుని ప్రభుత్వానికి కడతారు.

అన్ని సరుకులకీ పన్ను ఒకటే కాదు. 1930లో గాంధీగారు ఉప్పు పన్ను మీద పోరాడారు. నేడు వంట ఉప్పుకి జీఎస్టీ లేదు. కొబ్బరికాయకీ లేదు. జీడిపప్పుకి మాత్రం నూటికి 5 రూపాయలు. కిలో పప్పు 800 రూపాయలు అనుకుంటే, పన్ను 40 రూపాయలు.

సొంత తోటలో పండిన జీడిపిక్కలు అమ్మే రైతు మహిళ నమోదు కానక్కరలేదు. ఆ పిక్కలు కొన్న వ్యాపారికి జీఎస్టీ నమోదు ఉంటే, పన్ను అతనే కట్టాలి.

నమోదు ఎవరికి కావాలి?

ఒక పొదుపు సంఘం పిక్కలు కొని, పప్పు తీసి, పొట్లాలు కట్టి అమ్ముతోంది అనుకుందాం. ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే నమోదు తప్పదు.

"మాది చిన్న బేరం. మాకెందుకమ్మా ఈ గొడవ?" అనిపిస్తుంది. కానీ పొట్లం ఎక్కడికి వెళ్తోందో కూడా చూడాలి.

విశాఖపట్నం దూరం. అయినా మన రాష్ట్రమే. బరంపురం దగ్గర. ఇచ్ఛాపురం దాటితే వచ్చేస్తుంది. కానీ అది ఒడిశా. ఇక్కడ దూరం లెక్క కాదు, సరిహద్దే లెక్క. జీడిపప్పు ఒక్క పొట్లం బరంపురం పంపి అమ్మినా నమోదు కావాలి. 40 లక్షల మాట అక్కడ చెల్లదు.

కంపెనీల ద్వారా అమ్మితే?

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటివి ఉన్నాయి. మునుపు వీటిలో పన్ను ఉన్న సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవారైనా నమోదు కావలసిందే. 2023 అక్టోబరు 1 నుంచి కొంత సడలించారు. అమ్మకం 40 లక్షల లోపు ఉండాలి. సరుకు మన రాష్ట్రం దాటకూడదు. పాన్ కార్డు ఉండాలి. జీఎస్టీ వెబ్‌సైటులో వివరాలు ఇచ్చి ఒక నంబరు తీసుకోవాలి. అప్పుడు నమోదు అక్కరలేదు.

నమోదైన వారి అమ్మకం మీద కంపెనీ వందకి అర్ధరూపాయి పట్టుకుంటుంది. 800 రూపాయలకి 4 రూపాయలు. ఆ డబ్బు పోదు. సంఘం జీఎస్టీ ఖాతాలో జమ అవుతుంది.

నమోదయ్యాక ఏం చేయాలి?

నమోదుకి ప్రభుత్వం రుసుము తీసుకోదు. కాగితాలు నింపినవారు కూలి అడిగితే, అది వారి కూలి. పన్ను కాదు.

నమోదైతే 15 అక్షరాలు, అంకెల నంబరు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది. నెలకోసారి గాని, మూడు నెలలకోసారి గాని లెక్క పంపాలి. ఆ లెక్కని రిటర్ను అంటారు. అమ్మకం లేకపోయినా "లేదు" అని పంపాలి. పంపకపోతే రోజుకి 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. పన్ను ఉండి పంపకపోతే రోజుకి 50. వ్యాపారం మానేస్తే నమోదు రద్దు చేయించుకోవాలి.

ఇంకో మాట. నమోదు లేనివారు కొన్నవారి దగ్గర జీఎస్టీ అని డబ్బు తీసుకోకూడదు.

సంఘం పుస్తకంలో ఇవి రాయాలి: తేదీ, సరుకు, బరువు, ధర, పొట్లం వెళ్లిన ఊరు, రాష్ట్రం. ఆఖరి గడి మరువరాదు.

ఆలోచించండి – చెప్పండి

1. శ్రీకాకుళం పంపిన పొట్లానికీ, బరంపురం పంపిన పొట్లానికీ తేడా ఏమిటి?
2. కిలో పప్పు 900 రూపాయలైతే జీఎస్టీ ఎంత?
3. మీ సంఘం సరుకు ఏ ఏ ఊళ్లకి వెళ్తోంది? రాయండి.