నేలవేముకు నల్లమల చుట్టం

సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఉండ్రుగొండ గుట్టల్లో మొక్క సేకరిస్తే ముందు రాయించేది పేరు కాదు. చోటు, తేదీ, పువ్వు రంగు. ఎండితే రంగు పోతుంది. పేరు తర్వాతైనా తెలుసుకోవచ్చు. మొక్కను పాత పేపర్ల మధ్య అదిమి, తడి కాగితాలు మారుస్తూ ఆరబెట్టి, సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టకు కుట్టి చీటీ అంటిస్తే హెర్బేరియం షీటు తయారు.

దాని విలువ చెప్పాలంటే కృష్ణ దాటి నల్లమలకు పోవాలి. నేలవేము మనందరికీ తెలిసిందే. దాని దగ్గరి చుట్టం ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అనే చిన్న కొండమొక్క. 1960లలో జె.ఎల్. ఎల్లిస్ దాన్ని కొత్త జాతిగా వర్ణించి, కొండల పేరే పెట్టారు. అలాంటి ప్రతి పేరూ ఒక ఎండు నమూనాకు కట్టుబడి ఉంటుంది. దాన్ని టైప్ అంటారు. అనుమానం వస్తే దానితోనే పోల్చి తేలుస్తారు.

1915లో గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథం పరిధిలోకి కర్నూలు నల్లమల వచ్చింది. నిజాం ఏలుబడిలోని మన నల్లగొండ సీమ రాలేదు. కాబట్టి కోదాడ, మిర్యాలగూడ గుట్టల నుంచి వచ్చే ప్రతి షీటూ అక్కరకొచ్చేదే. ఏ మొక్క ఏ నెలలో పూసిందో, ఎక్కడ తగ్గిపోయిందో రేపు చెప్పేవి ఆ చీటీలే.

2022లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా తన నమూనాల ఫొటోలను ఆన్‌లైన్‌లో పెట్టింది. మా పిల్లలు ఫోన్లోనే పోల్చుకుంటున్నారు. తేదీ రాయని షీటుకు మాత్రం నేను మార్కులు వేయను.